స్వస్థత పొందినవారు కూడా చూపించుకోవాలి



లూకాగారి సువిశేషం 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల కథ మనకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. ఉపదేశిగారు చెప్పారు, మఠకన్యలు చెప్పారు, గుడిలో గురువులు చెప్పారు. ఎప్పుడు చెప్పినా పదవవాని దగ్గరే ఆగుతాం. తిరిగి వచ్చి కృతజ్ఞత తెలిపినవాడు ఒక్కడే, అతడు కూడా సమరియుడు. మిగిలిన తొమ్మండుగురు ఏమైపోయారన్న ప్రశ్న మీద మనం విన్న ప్రసంగాలకు లెక్కలేదు. అది మంచి ప్రశ్నే. ఈ వారం మాత్రం ఆ కథలో మనం త్వరత్వరగా దాటిపోయే చోట కొంచెం ఆగుదాం. వ్యాధి పోయిన క్షణాన ఆ పదిమందీ ఎక్కడ ఉన్నారు? దారిలో ఉన్నారు. ఎక్కడికి పోయే దారి అది? యాజకుల దగ్గరకు. ఎందుకు? తమ ఒంటిని చూపించుకోవడానికి. ఆ దారిన పంపినది మరెవరో కాదు, యేసునాథుడే.

ఆ కాలపు యాజకుడు మందు ఇచ్చేవాడు కాదు, పరీక్షించేవాడు. లేవీయకాండం 13, 14 అధ్యాయాలు చదవండి. చాలామంది విసుగుపుట్టి పేజీ తిప్పేసే అధ్యాయాలే అవి. చర్మం మీద మచ్చ కనబడితే యాజకుడు చూడాలి. సందేహముంటే ఏడు రోజులు ఆగి మళ్లీ చూడాలి. అప్పటికీ తేలకపోతే మరో ఏడు రోజులు ఆగాలి. నయమైందని కబురు వస్తే యాజకుడే శిబిరం వెలుపలికి నడిచి వెళ్లి చూడాలి. అంతటితో కూడా అయిపోదు. ఏడవనాడు ఒక తంతు, ఎనిమిదవనాడు మరొకటి. ఈనాడు డాక్టరుగారు ‘మూడు నెలల తర్వాత మళ్లీ రండి’ అని రాసిచ్చే చీటీకి తాత వంటిది ఆ ధర్మశాస్త్రం.

మరొక కుష్ఠరోగిని ప్రభువు తన చేత్తో ముట్టుకొని బాగుచేసిన సంగతి మత్తయి, మార్కు సువిశేషాలలో చదువుతాం. అతనికి కూడా ప్రభువు అదే చెప్పి పంపాడు. దేవుని కుమారుడు చేసిన స్వస్థతను ఒక మామూలు యాజకుడు పరిశీలించడమా? ప్రభువు దానిని తనకు అవమానమని తలచలేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తుతున్నానంటే, మన ఏలూరు పీఠంలో క్యాన్సర్ చికిత్స ముగించుకొని ఇల్లు చేరినవారు ఈనాడు విచారణ విచారణలోనూ కనిపిస్తున్నారు. ఒకప్పుడు ఆ వ్యాధి పేరెత్తడానికే జంకి గొంతు తగ్గించేవాళ్లం. ఇప్పుడు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రైలెక్కి కొందరు విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికి, కొందరు హైదరాబాదులోని ఎం.ఎన్.జె.కు, బసవతారకానికి, మరికొందరు విజయవాడ, గుంటూరులకు వెళ్లి వైద్యం చేయించుకొని వస్తున్నారు. ఆపరేషను అయింది, కీమో అయింది, ఊళ్లో జనం కరెంటు పెట్టడం అనే రేడియేషనూ అయింది. జుట్టు మళ్లీ మొలిచింది. ఆదివారం కృతజ్ఞతాపూజ చెప్పించారు, చుట్టాలకు భోజనాలు పెట్టారు. ఫైలు బీరువా మీదికి చేరింది. ఆ ఫైలులో ఒక చీటీ, చీటీ మీద ఒక తేదీ ఉన్నాయి.

ఆ తేదీ దాటిపోతోంది.

ఎందుకమ్మా అని అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. “తగ్గిపోయింది గదండీ, మళ్లీ ఎందుకండీ?” “చెరువు పట్టుబడి ఉందండీ, అది అయ్యాక వెళ్తాం.” “గుచ్చి గుచ్చి చూస్తే పడుకున్నదాన్ని లేపినట్టవుద్దండీ.” దారిఖర్చులు, పోయిన రోజు కూలి, తోడు వచ్చేవారికి మరో కూలి. వీటిలో డబ్బు మాట నిజమైనది, దాని సంగతి చివర చెబుతాను. పడుకున్నదాన్ని లేపడమన్న మాట మాత్రం నిజం కాదు. దీపం పట్టుకొని గదిలోకి వెళ్లినంత మాత్రాన పాము పుట్టదు.

ఇవి కాక మరో జవాబు ఉంది. అది పైకి రావడానికి చాలాసేపు పడుతుంది. కొల్లేటి లంకల్లో ఒక తల్లి రొమ్ము క్యాన్సర్‌కు వైద్యమంతా పూర్తిచేసుకొని వచ్చింది. ఒక స్వస్థత కూటంలో మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. చప్పట్లు, స్తోత్రాలు, కన్నీళ్లు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. వాళ్ల అత్తగారు మంచంలో ఉంటే దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లినప్పుడు ఈమెను అడిగాను. చీర చెంగుతో కుడిచేతిని కప్పుకొని కూర్చుంది.

“వెళ్తే దేవుణ్ణి నమ్మనట్టే గదండీ ఫాదరుగారూ. అందరి ముందూ దేవుడు బాగుచేశాడని చెప్పేను. ఇప్పుడు స్కానింగుకెళ్తే ఏమనుకుంటారండీ? ఒకవేళ అందులో ఏదైనా ఉందని రాస్తే, దేవుడి మాట పోద్ది గదండీ?”

ఆ ఆఖరి మాట బరువు చూడండి, సహోదరులారా. ఆ తల్లి తన ప్రాణం కోసం భయపడటం లేదు. దేవుని పరువు కోసం భయపడుతోంది. ఆయన పరువునంతా తన ఒంటి మీద మోస్తోంది. ఇంత బరువు ఆమెకెత్తినది ఎవరో నాకు తెలియదు. యేసునాథుడు మాత్రం కాదు. ఆయన బాగుచేసినవారిని చూపించుకొమ్మని పంపాడే గాని, చూపించుకుంటే నా మాట పోతుందని దాచిపెట్టలేదు.

ఆ దారి సంగతే ఆమెకు చెప్పాను. “అమ్మా, వాళ్లు ఆయన పంపితేనే వెళ్లారు. నువ్వు వెళ్లడం ఆయన మాట వినడమే గాని కాదనడం కాదు” అన్నాను. వెంటనే ఒప్పుకోలేదు. కోడలు మాత్రం మాటను అందుకుంది. “స్కానింగు సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఆ చెయ్యి చూపించండత్తయ్యా” అంది. ఆపరేషను జరిగిన వైపు చెయ్యి వాచిపోయి గాజులు ఎక్కడం లేదు. అది దాచడానికే ఆ చెంగు. చెయ్యి కోసమని వెళ్లారు. వాపుకు వ్యాయామం నేర్పి, చేతికి బిగుతు తొడుగు ఇచ్చారు. రెండో రొమ్ముకు మామోగ్రాం తీశారు. ఆ రోజు చెడు కబురేమీ రాలేదు. వచ్చి ఉన్నా దేవుని మాట పోయేది కాదు.

ఈ విషయంలో మన శ్రీసభ ఎంత నిదానమో ఒక సంగతి చెబుతాను. ఏటా ఫిబ్రవరిలో మనం గుణదల కొండ ఎక్కుతాం గదా, ఆ తల్లి లూర్దుమాత. ఫ్రాన్సులోని ఆ లూర్దులో 1883 నుంచి ఒక వైద్య కార్యాలయం ఉంది. అక్కడ బాగుపడ్డామని చెప్పేవారిని డాక్టర్లు పరీక్షించి, పాత కాగితాలు, ఎక్స్‌రేలు తెప్పించి చూస్తారు. విత్తోరియో మికేలి అనే ఇటలీ సైనికునికి ఎడమ తుంటి ఎముకను క్యాన్సర్ తినివేసింది. 1963లో అతడు లూర్దు నీటిలో మునిగాడు. కొంతకాలానికి లేచి నడిచాడు. ఎముక మళ్లీ కట్టుకున్నట్టు ఎక్స్‌రేలలో కనబడింది. మన ఊళ్లో అయితే ఆ సాయంత్రమే మైకు పట్టుకునేవాళ్లం. శ్రీసభ దానిని అద్భుతమని ప్రకటించినది 1976లో. పదమూడేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో అతణ్ణి పిలిపించి పరీక్షించారు, మళ్లీ పరీక్షించారు. జబ్బు తిరగబెట్టకుండా నిలిచిన స్వస్థతనే అద్భుతంగా లెక్కించాలన్న నియమం 18వ శతాబ్దంలో లాంబెర్తీనిగారు రాసిపెట్టినది. తర్వాత 14వ బెనెడిక్టు పోపుగారు అయినది ఆయనే. శ్రీసభ అద్భుతానికే ఇన్ని రివ్యూలు చేయిస్తుంటే మనం చీటీ మీద రాసిన ఒక్క రివ్యూకు వెళ్లడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుణ్ణి గౌరవించమని చెబుతుందని చాలామందికి తెలుసు. అదే అధ్యాయంలో వైద్యుడు కూడా ప్రార్థించేవాడేనని, రోగాన్ని సరిగా గుర్తించే నేర్పు కోసం దేవుణ్ణి వేడుకుంటాడని ఉన్న సంగతి అంతగా ఎవరూ చెప్పరు.

వైద్యశాస్త్రం కూడా ఈ పాఠాన్ని తేలికగా నేర్చుకోలేదు. అందులో మన భీమవరంలో పుట్టిన బిడ్డకు భాగం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఒక మందుల కంపెనీ పరిశోధనశాలను నడిపారు. అక్కడ తయారైన అమైనోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పసిపిల్లలకు ఇచ్చాడు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు చావు తప్ప దారి లేదు. పదహారు మందిలో పదిమందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. మంచంలో ఉన్న పిల్లలు లేచి ఆడుకున్నారు. కాని కొద్ది నెలలకే జబ్బు మళ్లీ వచ్చింది. రక్తంలో కనబడకుండా పోవడం వేరు, ఒంటిలో లేకుండా పోవడం వేరు అని ఆ పిల్లల తల్లిదండ్రుల కన్నీళ్ల మధ్య డాక్టర్లకు తెలిసివచ్చింది. సుబ్బారావుగారు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

ఆయన పరిశోధనశాల నుంచే వచ్చిన మరో మందు మెథోట్రెక్సేట్. చైనాలో పుట్టిన మిన్ చియు లీ అనే డాక్టరు 1956లో దానిని మాయకు సంబంధించిన ఒక క్యాన్సర్‌తో బాధపడుతున్న స్త్రీలకు ఇచ్చాడు. ఆయన పనిచేసిన అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఉన్న ఊరి పేరు బెతెస్ద. యోహానుగారి సువిశేషంలో ముప్పై ఎనిమిదేళ్ల రోగి పడి ఉన్న కోనేటి పేరు నుంచి వచ్చిన పేరే. అక్కడ ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి. ఇక మందు ఆపమన్నారు అందరూ. లీ మాత్రం ఆ స్త్రీల మూత్రంలో ఒక హార్మోను ఇంకా కొద్దిగా కనబడుతోందని గమనించాడు. గర్భం నిలిచిందో లేదో చూసే పరీక్షలో పట్టుబడే హార్మోనే అది. అది పూర్తిగా పోయేవరకు మందు ఇస్తానన్నాడు. కంటికి కనబడని జబ్బుకు విషం వంటి మందు ఇవ్వడమేమిటని పైవారు మండిపడ్డారు. ఆయన ఆ సంస్థ విడిచిపోవలసి వచ్చింది. తర్వాత చూస్తే, హార్మోను సున్నా అయ్యేవరకు మందు తీసుకున్న స్త్రీలు నిలబడ్డారు, ముందే ఆపినవారికి జబ్బు తిరగబెట్టింది. 1972లో ఆయనకు లాస్కర్ బహుమానం వచ్చింది. ఈనాడు మన చేతి నుంచి ఒక సీసా రక్తం తీసి ‘మార్కరు పరీక్ష’ అంటున్నారంటే దాని వెనుక ఆ పట్టుదల ఉంది.

కొల్లేటి రైతుకు ఇదంతా నేను వేరే చెప్పనక్కరలేదు. చేపల చెరువు గట్టు పైకి నున్నగా, గట్టిగా కనబడుతుంది. అయినా తెల్లవారుజామున గట్టు చుట్టూ నడవనివాడు రైతు కాడు. నీటి అంచున ఒక పీత బొరియ ఉంటుంది. వేలు పట్టేంత. ఆ రోజు కనబడితే గుప్పెడు మట్టితో పోతుంది. కనబడకపోతే నాలుగు రోజులకు గండి. క్యాన్సర్ అన్న పేరుకు అర్థం కూడా పీతే. గ్రీకువారు ఆ జబ్బుకు పీత అని పేరు పెట్టారు.

రివ్యూలో ఏం చూస్తారన్నది జబ్బును బట్టి ఉంటుంది, మీ డాక్టరు చెప్పినదే మీకు లెక్క. మోటుగా చెప్పాలంటే, మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి, ఐదో ఏడు వరకు ఆరు నెలలకో ఏడాదికో, ఆపైన ఏడాదికొకసారి పిలుస్తారు. నోటి క్యాన్సర్ అయితే మొదటి ఏడాది ఇంకా దగ్గర దగ్గరగా రమ్మంటారు. చాలా రకాల క్యాన్సర్లు తిరగబెడితే మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడతాయి, అందుకే ఆ తొందర. రొమ్ము క్యాన్సర్‌లో కొన్ని రకాలు పదేళ్ల తర్వాత కూడా రావచ్చు, అందుకే ఆ ఓపిక. పెద్దపేగు క్యాన్సర్ అయినవారికి రక్తంలో సి.ఇ.ఏ. చూస్తారు, ఆపరేషను జరిగిన ఏడాదికి గొట్టం వేసి పేగు లోపల చూస్తారు. మెడకు రేడియేషన్ పెట్టించుకున్నవారికి థైరాయిడ్ మందగించవచ్చు, పళ్లు పాడవవచ్చు. నీరసం, ఒళ్లు బరువెక్కడం వయసు వల్లనే అనుకొని ఊరుకోకుండా ఆరు నెలలకో ఏడాదికో ఆ రక్తపరీక్ష చేయించుకోవాలి. టామాక్సిఫెన్ మాత్రలు వాడే తల్లులకు ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడితే సిగ్గుపడి దాచకూడదు. తేదీ కోసం ఆగకూడదు, ఆ వారమే వెళ్లాలి. కొత్త గడ్డ, మానని పుండు, వారాల తరబడి తగ్గని దగ్గు, కారణం లేకుండా చిక్కిపోవడం, వీటికి కూడా అంతే.

చంకలో గ్రంథులు తీసినవారు ఆ వైపు చేతిని జాగ్రత్తగా చూసుకోవాలి. చెరువులో దిగి వల లాగేటప్పుడు, రొయ్య వలిచేటప్పుడు, వరి కోసేటప్పుడు చిన్న గీత పడినా చీము పట్టి చెయ్యంతా ఎర్రగా పొంగిపోవచ్చు. తొడుగు వేసుకోండి, గాయమైతే వెంటనే సబ్బుతో కడగండి, జ్వరం వస్తే ఆగవద్దు. ఇక చుట్ట, ఖైనీ, గుట్కా. వైద్యం అయ్యాక మళ్లీ అటు చెయ్యి చాపేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంతకుమించి చెప్పను.

ఒక వైపు వెళ్లనివారుంటే, మరోవైపు ఒళ్లంతా స్కాన్ చేయించాలని పట్టుబట్టేవారూ ఉన్నారు. పొలం తాకట్టు పెట్టి ఆరు నెలలకొకసారి పెట్ స్కాన్ తీయించే కుటుంబాలూ ఉన్నాయి. అది కూడా అక్కరలేదు. రొమ్ము క్యాన్సర్ తగ్గి, ఏ బాధా లేనివారికి ఏటా మామోగ్రాం, డాక్టరు చేతి పరీక్ష ముఖ్యం. తరచూ ఎముకల స్కాన్లు, ఎక్స్‌రేలు తీసినందువల్ల ఆయుష్షు పెరగలేదని 1994లో ఇటలీ నుంచి వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు చూపించాయి. పెట్ స్కాన్‌లో పంచదార వంటి మందును రక్తంలోకి ఎక్కిస్తారు. పంచదారను ఎక్కువగా తాగే కణాలు బొమ్మలో మెరుస్తాయి. క్యాన్సర్ మెరుస్తుంది. మానుతున్న గాయం, క్షయ, వాపు కూడా మెరుస్తాయి. మెరిసిందల్లా క్యాన్సర్ అనుకొని ఏడుస్తూ నాకు ఫోను చేసినవారు ఉన్నారు. అవసరమైన స్కాన్ మానకూడదు, అవసరం లేనిది అడగకూడదు. ఏది ఎందుకో డాక్టరునే నేరుగా అడగండి. అడగడం తప్పు కాదు.

ఇప్పుడు భయం సంగతి. స్కాన్ తీయించుకున్న రోజుకు, రిపోర్టు చేతికొచ్చే రోజుకు మధ్య ఉండే రెండు మూడు రాత్రులు ఎంత పొడవో అనుభవించినవారికే తెలుసు. తేదీకి వారం ముందు నుంచే నిద్ర పట్టదు, కూర రుచించదు, పిల్లల మీద విసుగు. ‘విశ్వాసం ఉన్నవాళ్లు భయపడకూడదు’ అని వారికి చెప్పవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. గెత్సెమని తోటలో ఆ రాత్రి క్రీస్తునాథుడు భయపడ్డాడు, చెమటోడ్చాడు, ఆ పాత్ర తప్పిపోవాలని తండ్రిని అడిగాడు. ముగ్గురు స్నేహితులను పక్కన కూర్చోమన్నాడు. వాళ్లు నిద్రపోయారు. మనం నిద్రపోకుండా ఉంటే చాలు. ధైర్యం చెప్పే మాటలు అక్కరలేదు. వాళ్ల ఇంటికి వెళ్లి ఒక జపమాల చెప్పుకొని, టీ తాగి రండి. రిపోర్టులో ఏం వచ్చిందని వీధిలో ఆపి అడగవద్దు. వారే చెబుతారు.

మన ఇళ్లల్లో ఇంకో అలవాటు ఉంది. రిపోర్టు కొడుకు చేతికి వస్తుంది, అమ్మకు చెప్పవద్దని డాక్టరుకు సైగ చేస్తాడు. ప్రేమతోనే చేస్తాడు, సందేహం లేదు. కాని అమ్మకు తెలిసిపోతుంది. కొడుకు మొహం చూస్తే తెలియదా? తెలిసినా తెలియనట్టు నటిస్తూ ఆమె ఒంటరిగా మిగిలిపోతుంది. తన ఒంటి సంగతి తెలుసుకొనే హక్కు ఆమెది. పాపసంకీర్తనం చేసుకోవాలన్నా, పొలం కాగితాలు సర్దాలన్నా, దూరాన ఉన్న బిడ్డను పిలిపించుకోవాలన్నా ఆమెకు తెలియాలి.

జబ్బు మళ్లీ కనబడితే? ఆ మాట దాటవేయడం న్యాయం కాదు. తేదీ తప్పకుండా వెళ్లినవారికి కూడా తిరగబెట్టవచ్చు. రివ్యూ అన్నది జబ్బు రాకుండా కట్టే తాయెత్తు కాదు. వచ్చినది చిన్నగా ఉన్నప్పుడు కనబడితే చేయగలిగినది ఎక్కువ ఉంటుంది, అంతే. అలా కబురు వచ్చినవారు మొదటి స్వస్థత అబద్ధమని, దేవుడు వెనక్కు తీసుకున్నాడని కుమిలిపోతారు. వారు మార్కుగారి సువిశేషం 8వ అధ్యాయంలోని బెత్సయిదా గుడ్డివాణ్ణి తలచుకోవాలి. ప్రభువు అతని కన్నుల మీద చేతులుంచాడు. ఉంచి వెళ్లిపోలేదు. ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. ప్రభువే చేసిన రివ్యూ అది. అతడు కూడా మొహమాటపడి అంతా బాగుందనలేదు. మనుషులు నడిచే చెట్లలా మసకగా ఉన్నారని ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రభువు కోపించలేదు, మళ్లీ చేతులుంచాడు. రెండోసారి ముట్టుకోవలసి వచ్చినందుకు మొదటి స్పర్శ అబద్ధం కాలేదు. హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చినప్పుడు అతనికి పదిహేనేళ్లు దొరికాయి. యెషయా ప్రవక్త ఆ వాగ్దానంతోపాటు పుండు మీద అంజూరపు పిండికట్టు కూడా వేయించాడు. రోగుల అభ్యంగనం చావుకు ముందు ఒక్కసారి పొందేది కాదు. జబ్బు ముదిరినప్పుడు, తిరగబెట్టినప్పుడు మళ్లీ పొందవచ్చు. మీ విచారణ గురువులను పిలవడానికి ఆఖరి గంట దాకా ఆగకండి.

డబ్బు సంగతి చివర చెబుతానన్నాను. క్యాన్సర్ రోగులు వైద్యానికి వెళ్లినా, వైద్యం అయ్యాక పరీక్షలకు వెళ్లినా రైలు చార్జీలో రాయితీ ఉంది. స్లీపరులోనూ, మూడంచెల ఏసీలోనూ రోగికి టిక్కెట్టు ఉచితం, తోడు వెళ్లేవారికి నూటికి 75 వంతులు తగ్గింపు. దానికి రైల్వేవారి నమూనాలో ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర కావాలి. వెళ్లినప్పుడే తర్వాతి ప్రయాణానికి కూడా రాయించుకొని రండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం కింద మీ పరీక్ష వస్తుందో రాదో ఆసుపత్రిలో ఆ పథకం బల్ల దగ్గర కూర్చున్నవారిని ముందే అడగండి. తోడు వచ్చేవారు లేక ఆగిపోయిన వృద్ధులు మీ వీధిలో ఉంటే విన్సెంట్ డి పాల్ సంఘంవారికి గాని, మరియదళంవారికి గాని చెప్పండి. పెళ్లికి పదిమంది కార్లో వెళ్తాం, రివ్యూకు ఒకరు వెళ్లలేమా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేటిలోకి దిగినప్పుడు లంకల దారులు మునిగిపోయాయి. ఆ నెలలో తేదీ ఉన్నవారు ఎలా వెళ్తారు? వానాకాలంలో తేదీ ఇస్తుంటే మీది లంక ఊరని డాక్టరుకు చెప్పి, వీలైతే ముందుకో వెనక్కో జరిపించుకోండి. దారి మూసుకుపోతే ఆసుపత్రికి ఫోను చేసి కొత్త తేదీ అడగండి. తప్పిపోయింది గదా అని మానవద్దు. ఆలస్యంగా వచ్చారని కసురుకుంటే కసురుకోనివ్వండి. పాత స్కాన్ ఫిల్ములు, సీడీలు, బయాప్సీ కాగితం, ఏ మందు ఎన్నిసార్లు ఎక్కించారో రాసిన డిశ్చార్జి చీటీ, అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. కొత్త బొమ్మను పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే డాక్టరుకు తేడా తెలుస్తుంది. ఆ సంచి బీరువా మీద కాక, నీళ్లు వస్తే ముందుగా చేతికి అందే చోట, రేషను కార్డు ఉన్న చోటనే ఉంచండి.